కంటికి ఆనని లీడరు

లీడరు అనగానే ఎన్నికల గొడవ కాబోలు అనుకుని పేజీ తిప్పెయ్యవద్దని పాఠకులకు మనవి. నేను చెప్పబొయ్యే లీడరుకు పార్టీ లేదు, ఉపన్యాసం రాదు, మెడలో పూలదండ పడదు. గాలం వేసే సరదా వున్నవాళ్ళ పరిభాషలో లీడరంటే, అసలు దారానికీ గాలానికీ మధ్య విడిగా కట్టే రెండు మూరల దారం. కొసదారం అనుకుందాం. దీనికి వుండవలసిన మొదటి లక్షణం, తాను అక్కడ వున్నట్టు ఎవరికీ తెలియకపోవడం. రెండోది, భారం మీదపడ్డ క్షణంలో తెగకపోవడం. ఈ రెండు గుణాలూ ఒకచోట దొరకడం ఎంత కష్టమో గాలం పట్టినవాడికి తెలుసు. ఓటు వేసినవాడికీ తెలుసు గాని, అది మన శీర్షిక పరిధిలోకి రాదు.

కిందటి నెలలో ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. సారాంశం ఇది: "చెరువులో నీళ్ళు అద్దంలా వున్నాయి. శీలావతులు వస్తున్నాయి. ఎర దగ్గర ఆగుతున్నాయి, మూతి ఆనించి చూస్తున్నాయి, వెళ్ళిపోతున్నాయి. బెండు కదులుతుంది, మునగదు. పక్క గట్టు మీద కూచున్న కుర్రవాడు మాత్రం వెదురుగెడతో గంటకొకటి లాగుతున్నాడు. నా కర్ర ఖరీదులో నూరోవంతు చెయ్యదు వాడి గెడ. లోపం ఎక్కడుంది?"

లోపం కర్రలో లేదండీ, కొస రెండు మూరల్లో వుంది.

పగలంతా క్లాసుల్లో నన్నయ, తిక్కనలతో కాలక్షేపం చేసే తెలుగు మేష్టారికి ఈ సంగతులెందుకని కొందరికి తోచవచ్చు. గాలం మన సారస్వతానికి అంత పరాయిదేం కాదు. అమరకోశంలోనే దానికి బడిశమని పేరుంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగమే వుంది. రాజు గారు ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చెయ్యాలో, గాలం ఎలా వెయ్యాలో శ్రద్ధగా రాసుకున్నారు. ఇక నేనుండేది గోదావరి కాలవ గట్టున. సాయంత్రం నాలుగు దాటితే నన్ను ఇంట్లో ఆపగలిగేవి జవాబుపత్రాలు ఒక్కటే. నాకీ విద్యలో గురువు అదే గట్టున గాలంతో బతుకుతున్న ఒక పెద్దాయన. ఆయన నన్ను "మేష్టారూ" అంటారు, నేనాయన్ని "తాతా" అంటాను. మా ఇద్దరిలో ఎవరు మేష్టారో కాలవలో చేపలకు తెలుసు.

ముందు చేప సంగతి చూద్దాం. చేపకు జ్ఞాపకశక్తి లేదని మనం తేలిగ్గా అనేస్తాం. 1970లో హాలెండులో బ్యూకెమా అనే శాస్త్రజ్ఞుడు చెరువుల్లో కార్పు చేపలకు గాలాలు వేయించి, పట్టినవాటికి గుర్తులు పెట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలి లెక్కలు తీశాడు. ఒక్కసారి గాలం రుచి చూసిన చేపలు చాలావరకు మళ్ళీ గాలం జోలికి రాలేదు. ఒకే పాఠం, ఒకేసారి వినడం, చాలాకాలం గుర్తుంచుకోవడం! మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పడానికి మనసొప్పలేదు. మన బొచ్చె, శీలావతి, మోసు అన్నీ ఆ కార్పు కుటుంబంలోవే. పదిమంది కూచునే రేవులో పెద్ద చేప గాలానికి రావడంలేదంటే అది తెలివితక్కువది కాదని అర్థం. చిన్నప్పుడు ఒకసారి మూతి చీరుకుని వుంటుంది.

అలాంటి చేప దేన్ని చూసి జంకుతుంది? దారం కనపడుతుందని మనందరి అనుమానం. అందులో కొంత నిజం వుంది.

గాజుగ్లాసులో నీళ్ళు పోసి గాజుకడ్డీ ముంచితే కడ్డీ కనపడుతుంది. నానిన సబ్జా గింజ చుట్టూ వున్న జిగురుపొర మాత్రం అంతగా కనపడదు. రెండూ తెల్లగా, తేటగా వున్నవే. తేడా ఏమిటంటే, వెలుగు నీళ్ళలోనుంచి గాజులోకి పోయేటప్పుడు బాగా వంగుతుంది, ఆ జిగురులోకి పోయేటప్పుడు పెద్దగా వంగదు. వెలుగు ఎంత వంగితే అంచులు అంత స్పష్టంగా తెలుస్తాయి. ఈ వంపుకు శాస్త్రజ్ఞులు ఒక అంకె ఇచ్చారు. నీటికి 1.33. నైలానుకు ఇంచుమించు 1.53. ఫ్లోరోకార్బన్ అనే దారానికి 1.42. నీటి అంకెకు ఎంత దగ్గరైతే దారం నీళ్ళలో అంతగా కలిసిపోతుంది. కొట్టువాడు ఫ్లోరోకార్బన్ చుట్ట చేతికిచ్చి "నీళ్ళలో మాయమైపోతుందండీ" అంటే మాత్రం నమ్మకండి. 1.42కూ 1.33కూ ఇంకా ఎడం వుంది. నైలానుకన్న తక్కువ కనపడుతుంది, అంతే. రెండు రెట్ల ధర పెట్టేముందు ఈ "అంతే" గుర్తుంచుకోవాలి.

కంటికి ఆనని దారం కోసం మనిషి పడ్డ పాట్లకు పెద్ద చరిత్రే వుంది. పూర్వం ఇంగ్లండులో గుర్రపుతోక వెంట్రుకలు పేనేవారు. మన దేశంలో జిల్లేడు నార వాడేవారు. నీళ్ళకు తట్టుకునే గట్టినార అది. తరవాత వచ్చింది పట్టుపురుగు. గూడు అల్లబొయ్యే పురుగును వెనిగర్లో నానేసి, దాని కడుపులోని పట్టుగ్రంథిని బయటికి తీసి, రెండు కొసలూ పట్టుకు లాగితే మూరకన్న తక్కువ పొడుగున్న తేట తీగ వస్తుంది. స్పెయిన్ దేశంలో ముర్సియా ప్రాంతానికి ఇదొక పెద్ద పరిశ్రమ. పెళ్ళికూతురు చీరకూ, చేప మూతిలోని ఉరికీ ఒక పురుగే దిక్కన్నమాట. ఆ తీగను ఇంకా సన్నం చెయ్యాలంటే కంసాలి తీగ లాగినట్టు చిల్లుల పలకలోనుంచి లాగేవారు. ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్సులు. ఇప్పటికీ కొన్ని లీడర్ల చుట్టల మీద 4ఎక్స్, 5ఎక్స్ అని అచ్చువేస్తారు. 11లోనుంచి ఆ అంకె తీసెయ్యండి, మిగిలింది అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన మందం. 5ఎక్స్ అంటే ఆరు వేయోవంతులు, అంటే 0.15 మిల్లీమీటరు.

పట్టుతీగతో చిక్కేమిటంటే, పొడిగా వుంటే పుల్లలా విరుగుతుంది. ముందు నానబెట్టి తరవాతే ముడి వెయ్యాలి. 1935లో అమెరికాలో డ్యుపాంటు కంపెనీ ప్రయోగశాలలో కెరోథర్స్ బృందం నైలాను తయారు చేసింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పట్టుతీగ పని అయిపోయింది. 1971లో జపానులో కురేహా కంపెనీవారు ఫ్లోరోకార్బన్ దారాన్ని మార్కెట్లోకి తెచ్చారు. ఇటీవల జడలా అల్లిన పాలిథీన్ దారం వచ్చింది. మందానికి తగనంత బలం, ఏమాత్రం సాగదు. అసలు దారంగా బాగుంటుంది. కాని అది లోపలికి వెలుగు పోనివ్వదు, రాయి తగిలితే పోగులు రేగుతుంది. తెలివైన చేప ముందు దాన్ని కొసదారంగా పెట్టడమంటే తలుపు తట్టి దొంగతనానికి పోవడమే.

ఇంతవరకూ పుస్తకాల్లో చదివి నేర్చుకోవచ్చు. ఇక్కడినుంచి తాత పాఠం.

ఒక కార్తీకమాసం సాయంత్రం నేను కొత్త ఫ్లోరోకార్బన్ చుట్ట తీసుకుపోయి వెలుగు వంగడం, అంకెలు అన్నీ ఆయనకు చెప్పాను. ఓపిగ్గా విన్నారు. చుట్టలోనుంచి రెండు మూరలు కోసి, కొస పట్టుకుని గాలిలో అడ్డంగా చాపారు. దారం ఈతాకు పుల్లలా నిలబడింది.

"కనబడదన్నారు బాగానే వుందండి మేష్టారూ. మరి ఇది వంగదేవండీ?" అన్నారు.

"వంగకపోతేనేం తాతా?"

"చేపకి చేతులేవండీ? అనుమానం వొస్తే మూతితోటే కదండీ సూసుకోవాలి. ఎర లోపలికి పోతావుంటే ఎనకాల ఈ పుల్ల అడ్డం తన్నిందంటే, ఇంకేవుందండి, ఉమ్మేసి పోద్ది."

తరవాత నేను కూచుని లెక్క వేసుకుంటే తాత మాటలోని శాస్త్రం బోధపడింది. బొచ్చెకూ శీలావతికీ దవడల్లో పళ్ళుండవు, గొంతులో వుంటాయి. అంచేత అవి ఎరను కొరకవు. చుట్టూ వున్న నీళ్ళతోసహా పీల్చుకుంటాయి. నచ్చకపోతే అంత వేగంగానూ ఊదేస్తాయి. విడిగా వున్న తవుడు ముద్ద ఆ ఊపిరికి గిరుక్కున లోపలికి పోతుంది. బిరుసు దారానికి కట్టిన ముద్ద సగం దూరం వచ్చి ఆగుతుంది. చేపకు ఆ తేడా చాలు. 1980 ప్రాంతంలో ఇంగ్లండు వాళ్ళు ఈ రహస్యం కనిపెట్టే, ఎరను గాలానికి గుచ్చకుండా గాలం పక్కన ఒక వెంట్రుకకు వేలాడదీశారు. మొదట్లో నిజంగా తలవెంట్రుకే!

ఇప్పుడు లెక్క చూడండి. దారం మందం సగానికి తగ్గిస్తే బలం పావుకు పడుతుంది. బిరుసుతనమో, పదహారో వంతుకు పడుతుంది. 0.30 మిల్లీమీటర్ల దారం తీసి అదే రకం 0.20 కట్టారనుకోండి. బలం సగానికన్న కొంచెం తగ్గుతుంది, బిరుసు మాత్రం అయిదోవంతుకు దిగిపోతుంది. సన్నదారానికి చేపలు ఎక్కువ పడేది అది కనపడకపోవడంవల్లనే అని మనం అనుకుంటాం. దాని మెత్తదనంవల్ల కూడా పడుతున్నాయి. ఒకే మందంలో ఫ్లోరోకార్బన్ నైలానుకన్న బిరుసు. కనక మూతితో పరీక్షించే చేపకు, నీళ్ళు ఎంత తేటగా వున్నా, మెత్తని సన్ననైలానే మేలుకావచ్చు. ఉత్తరం రాసిన పాఠకుడుగారు రేపు ఆ కుర్రవాడి దగ్గరికి పోయి, వాడి గెడ కాదు, కొసదారం వేళ్ళమధ్య నలిపి చూడండి. నా మాట నిజమో కాదో తెలుస్తుంది.

బరువు సంగతి కూడా వుంది. సమానమైన నీటి బరువు 1 అనుకుంటే నైలాను 1.14, ఫ్లోరోకార్బన్ 1.78, అల్లిన పాలిథీన్ దారం 0.97. అంటే మొదటిది నెమ్మదిగా దిగుతుంది, రెండోది చప్పున మునుగుతుంది, మూడోది తేలుతుంది. మూతి పైకి తిరిగిన బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది. దానికి నైలాను సరి. అడుగున బురద వెతికే మోసుకు ఎర నేలమీద వుండాలి, దారం కూడా నేలను అంటిపెట్టుకుని వుండాలి. అక్కడ ఫ్లోరోకార్బన్ తన ధరకు న్యాయం చేస్తుంది.

తేలే దారం ఎందుకు చెడ్డదో ఇంకొక మాట. నీటిపొర మీద పడుకున్న దారం చుట్టూ నీళ్ళు కొద్దిగా గుంటపడతాయి. ఎండ వున్నప్పుడు ఆ గుంట నీడ అడుగున తాడంత లావున పడుతుంది. 0.15 దారమైనా సరే, నీడ దాని గుట్టు బయటపెడుతుంది. దారం తేలడానికి ముఖ్యకారణం మన చేతి జిడ్డు. తలకు నూనె రాసుకుని, అదే చేత్తో దారం సవరించడం మన అలవాటు. కాలవ ఒండ్రుమట్టి చిటికెడు తీసుకుని కొసదారం పొడుగునా రెండుసార్లు దువ్వండి. జిడ్డు పోతుంది, మెరుపు చస్తుంది, దారం మునుగుతుంది. ఖర్చు సున్న.

నీళ్ళనుబట్టి కూడా మారాలి. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు చేప చూపు జానెడు దూరం సాగదు. అప్పుడు 0.35 నైలాను కట్టినా అడిగేవాడు లేడు. కార్తీకం దాటి నీళ్ళు తేరుకున్నాక 0.25కు దిగాలి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మడుగుల్లో నిలిచిన నీళ్ళలో చేపలు ఒకచోట చేరి, అటు కొంగనూ ఇటు మనిషినీ చూసి చూసి బెదిరి వుంటాయి. అప్పుడు 0.20 అవసరం పడుతుంది. తెల్లవారుజామున, మునిమాపు వేళ ఒక మెట్టు లావు కట్టినా చెల్లుతుంది. మీరు గట్టు మీద నిలబడి వుంటే మాత్రం ఏ దారమూ పనికిరాదు. నీళ్ళలో వున్న చేపకు పైలోకమంతా 97 డిగ్రీల వెడల్పున్న గుండ్రటి కిటికీలో కనపడుతుంది. కూచుంటే ఆ కిటికీ అంచుకు పోతారు. నిలబడితే నడిమి వైపుకు జరుగుతారు. కార్పు జాతికి వినికిడి కూడా గట్టిది. ఈదే తిత్తికీ చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసొకటి వుంది. గట్టు మీద చెప్పులు టపటపలాడిస్తూ నడిచి, తరవాత దారాన్ని తిడితే ఏం లాభం?

పళ్ళున్న చేపలది వేరే దారి. వాలుగ నోరు చూసినవాళ్ళు సన్నదారం మాట ఎత్తరు. వాలుగ మాట వచ్చింది గనక చిన్న పిడకలవేట. రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో 1803లో లండనులో పుస్తకం వేశాడు. బెస్తవారు ఏ చేపను ఏమని పిలిస్తే ఆ పేరు అలాగే రాసుకున్నాడు. అలా మన వాలుగ శాస్త్రనామంలోకి ఎక్కి వల్లాగో అయి కూచుంది. ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడు ఆ చేపను ఉదహరించినా మొదట తెలుగు మాట పలకవలసిందే. ఆ గౌరవానికి తగ్గట్టు దానికి లావుదారమో, సన్నని ఉక్కుతీగో కట్టాలి. సముద్రంలో వంజరానికి తీగ తప్పదు. దాని పళ్ళు కత్తెరలు. పండుగప్పకు కోరపళ్ళు లేవుగాని దవడ ఆకురాయిలా వుంటుంది, మొప్పల అంచు కత్తిలా వుంటుంది. 0.60కు తక్కువ కట్టడం సాహసం.

ఇక సన్నదనం గురించి ఇంతగా రాసినవాణ్ణి, దానికి హద్దు కూడా చెప్పాలి. ఇది కూడా తాత పెట్టిన షరతే.

రెండేళ్ళ క్రితం మాఘమాసంలో ఆయనకొక బొచ్చె పడింది. నాలుగు కిలోలు తూగవలసిన పొడుగు వుంది, రెండు కిలోలు కూడా లేదు. బొచ్చెకు తల ఎప్పుడూ పెద్దదే. దీనికి తల తప్ప ఇంకేం మిగిలినట్టు లేదు. నోరు తెరిచి చూస్తే గొంతులో పాతగాలం ఒకటి దిగబడి వుంది. దానినుంచి వెంట్రుకంత దారం మూరన్నర పొడుగున మొప్పలోనుంచి బయటికి వచ్చి, నాచు పట్టి వేలాడుతూ వుంది. ఎన్నాళ్ళయిందో అది కడుపునిండా మేసి!

తాత ఆ చేపను సంతకు పంపలేదు. గాలం ఊడదీసి దారం నా చేతిలో పెట్టారు.

"ఎవరో సన్నదారం బాబుదండి. పడతావుంటే సరదా, తెగితే నవ్వుకుని పోడం. నాకు సేప తెగితే ఆ పూట బియ్యం తెగుద్దండి, అందుకని నేను తెగనివ్వను. ఆళ్ళకి బియ్యం తెగవు కదండీ. మీరు పేపర్లో సన్నంది కట్టండని రాస్తారు గావోసు. రాయండి. ఇదీ రాయండి."

అందుకని రాస్తున్నాను. చేప ఒప్పుకునేంత సన్నం కట్టండి, అంతకు ఒక మెట్టు కూడా దిగకండి. 0.30తో మొదలుపెట్టి, గంటసేపు చూసి, చేపలు మూతి ఆనించి పోతూవుంటే 0.25కు రండి. మొదటే 0.15 కట్టుకుని కూచోవడం నేర్పుకాదు. చక్రం వున్న కర్రకు, చేప లాగినప్పుడు దారం వదిలే ఏర్పాటుంటుంది గనక, సన్నదారం చెల్లుతుంది. వెదురుగెడకు ఆ వసతి లేదు. వంగే కొస ఒక్కటే ఆధారం. ఉత్తరంలోని కుర్రవాడికి సన్నదారం చెల్లిందంటే వాడికి పడుతున్నవి జానెడు పిల్లలు గనకనే. ఆ రేవులోకి ఒక ముసలి బొచ్చె వచ్చిన రోజున వాడూ లావు కట్టక తప్పదు.

చుట్ట మీది బలం అంకెను నమ్మకండి. అది పొడిదారానిది, ముడిలేని దారానిది కావచ్చు. నైలాను నీళ్ళు పీల్చుకుని కొంత బలం పోగొట్టుకుంటుంది. ఫ్లోరోకార్బన్ దాదాపు పీల్చదు. ముడి ఏ దారాన్నైనా బలహీనపరుస్తుంది. కొసదారానికి గాలం కట్టి, పావుగంట నీళ్ళలో నానేసి, గాలాన్ని అయిదు లీటర్ల నీళ్ళడబ్బా పిడికి తగిలించి, మెల్లిగా పైకెత్తండి. అయిదు కిలోల భారం అది. 0.30 మంచి దారమైతే ఎత్తాలి. ఎత్తకపోతే దారమో ముడో చెడ్డది. ముడి బిగించేముందు నోటితో తడిపి నెమ్మదిగా బిగించండి. పొడిగా చర్రున లాగితే రాపిడి వేడికి దారం అక్కడే చస్తుంది. ముఖ్యంగా ఫ్లోరోకార్బన్. ప్రతి చేప పడ్డాక గాలం దగ్గర జానెడు దారం రెండు గోళ్ళమధ్య నడపండి. గరుకు తగిలితే ఆ జానెడు కోసి మళ్ళీ కట్టండి. నైలాను చుట్టను ఎండలో, బండి ట్యాంకు మీద సంచిలో వదిలితే ఏడాదికి బూజుపట్టిన నూలవుతుంది. కొసదారం అసలు దారంకన్న ఎప్పుడూ ఒక మెట్టు తక్కువ బలంతో వుండాలి. అప్పుడు తెగినా గాలం దగ్గరే తెగుతుంది, చేప వెంట ఇరవై గజాల ఉరి పోదు. గాలం ములుకుకున్న ఎదురుముల్లును పటకారుతో నొక్కేస్తే, తెగిపోయిన చేప దాన్ని విదిలించుకునే అవకాశం కూడా వుంటుంది.

మిగిలిన ముక్కల సంగతి. ఇనపగాలం తుప్పుపట్టి ఎప్పటికో పోతుంది. ఈ దారాలు పోవు. మా కాలవ గట్టునే తుమ్మచెట్టుకు ఒక నీటికాకి రెక్కకు నైలాను చుట్టుకుని వేలాడి చచ్చిపోవడం మా విద్యార్థులూ నేనూ చూశాం. ఆడపిల్లలు ముఖం తిప్పుకున్నారు. ఒక కుర్రవాడు చెట్టెక్కి కోసి దించాడు. చూస్తే దారం మొత్తం రెండు బారలు లేదు. గట్టు మీద ముడి విప్పడం బద్ధకమై ఎవరో కోసి పారేసింది. ముక్కలన్నీ జేబులో వేసుకు తెచ్చి, వేలెడు వేలెడు తుంపులు చేసి చెత్తబుట్టలో వెయ్యండి. కాల్చవద్దు. ఫ్లోరోకార్బన్ కాలితే వచ్చే పొగ విషం. తాతకు ఈ రసాయనశాస్త్రం తెలియదు. కాని ఆయన నడుముకు కొబ్బరిచిప్ప ఒకటి కట్టి వుంటుంది. గట్టు మీద దొరికిన ప్రతి ముక్కా, తనదీ పరాయిదీ అనకుండా, దానికి చుట్టి ఇంటికి తీసుకుపోతారు.

కొట్టుకు పోయేవాళ్ళకు చివరిగా జాబితా: చెరువు చేపలకు 0.20, 0.25, 0.30 మెత్తని నైలాను చుట్టలు ఒక్కొక్కటి. అడుగున మేసే చేపల కోసం 0.25 ఫ్లోరోకార్బన్ చిన్నచుట్ట ఒకటి. వాలుగ మీద మోజుంటే సన్నని ఉక్కుతీగ ఒక బార. ఒండ్రుమట్టి కాలవే ఇస్తుంది. చెరువు మత్స్యకారుల సంఘానిదైతే ముందు వాళ్ళ అనుమతి తీసుకోండి. వాళ్ళు పాట పాడి డబ్బు కట్టింది మన సరదా కోసం కాదు.

ఉత్తరం రాసిన పాఠకుడుగారు 0.25 కట్టి, ఒండ్రు రాసి, కింద కూచుని ఒక సాయంత్రం ప్రయత్నించి ఫలితం రాయవలసిందిగా కోరుతున్నాను. అప్పటికీ బెండు మునగకపోతే లోపం ఎరలో వుందన్నమాట. వేరుశెనగ చెక్క ఎంత వేయించాలి, తవుడు ఎంత కలపాలి అన్న విషయంలో మా తాతకూ నాకూ ఇంకా రాజీ కుదరలేదు. వచ్చేవారానికి కుదిరితే ఆ సంగతి రాస్తాను.